తైవాన్ కొండల్లో గైడ్‌తో పక్షుల ఫొటోగ్రఫీ: ఈ ప్రయాణ పథకం సరైనదేనా?

ప్రశ్న: కంబాలకొండ (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. సెలవు రోజుల్లో కంబాలకొండలో, చలికాలంలో అనంతగిరి, అరకు వైపు పక్షుల ఫొటోలు తీస్తుంటాను. వచ్చే ఏప్రిల్‌లో తైవాన్ వెళ్లాలని ఉంది. మికాడో ఫెజెంట్ అనే, తైవాన్ కొండల్లో మాత్రమే ఉండే అడవికోడి లాంటి పక్షిని దాని అడవిలోనే, దాని ఇష్టప్రకారం తిరుగుతుండగా చూడాలన్నది ఎప్పటి నుంచో ఉన్న కోరిక. ఒంటరిగా వెళ్తే భాష రాదు, కొండదారుల్లో కారు నడపలేను. అందుకని ఫొటోగ్రఫీ గైడ్ వెంట ఉండే టూర్ కోసం వెతికాను.

ఒక సంస్థ పంపిన పథకం ఇలా ఉంది. మొదట తైపే. తర్వాత దాష్యూషాన్ కొండల్లో ఒక రాత్రి, హహ్వాన్‌షాన్ కొండల మీదుగా తారోకో లోయ, అక్కడి నుంచి తూర్పు తీరం. ఆపైన అలీషాన్ కొండల్లో ఒక రాత్రి, చివరగా తైనాన్ దగ్గర నల్లమొహం తెడ్డుమూతి కొంగలు. మొత్తం ఎనిమిది రోజులు. ఆ దీవిలో తప్ప మరెక్కడా ఉండని పక్షులు ఇరవైకి తగ్గకుండా చూపిస్తామని హామీ ఇస్తున్నారు. ఏడాది పొదుపు మొత్తం ఈ ప్రయాణానికే పోతుంది కాబట్టి డబ్బు కట్టే ముందు వెళ్లివచ్చినవారి మాట వినాలనుకుంటున్నాను.

ఈ పథకం నిజంగా ఫొటోలు తీసుకోవడానికి పనికొస్తుందా? నా దగ్గర 100-500 మి.మీ. జూమ్ లెన్స్ ఉంది, పెద్ద లెన్స్ అద్దెకు తీసుకోవాలా? ఇంకొక సంగతి అడగక తప్పదు. వాళ్లు పంపిన ఫొటోల్లో పిట్టలన్నీ ఒకే నాచు పట్టిన కొమ్మ మీద వాలి ఉన్నాయి. పురుగులు పెట్టి రప్పిస్తారేమోనని అనుమానం. అది నాకు ఇష్టం లేదు. అలా కాకుండా తీసుకెళ్లే గైడ్లు అక్కడ ఉంటారా?

జవాబు: మంజీర తీరం (సంగారెడ్డి)

కంబాలకొండ గారూ, నా సలహా ముందే చెప్పేస్తాను. ఆ పథకంలో సగం చోట్లు కొట్టేయించండి. అలీషాన్, తూర్పు తీరం, తైనాన్ వదిలేసి ఆ రాత్రులన్నీ దాష్యూషాన్‌లో, హహ్వాన్‌షాన్‌లో ఉండేలా మార్చమని అడగండి. మార్చడం కుదరదంటే వేరే గైడ్‌ను వెతుక్కోండి.

కారణం ఆ దీవి స్వరూపంలోనే ఉంది. తైవాన్ విస్తీర్ణం సుమారు 36,000 చదరపు కిలోమీటర్లు, మన తెలంగాణలో మూడో వంతు కూడా ఉండదు. అంత చిన్న నేల మీద 3,000 మీటర్లు దాటిన శిఖరాలు రెండు వందలకు పైగా ఉన్నాయి. అన్నిటికంటే ఎత్తైన యూషాన్ 3,952 మీటర్లు. మ్యాపులో రెండు ఊళ్ల మధ్య వేలెడు దూరం కూడా కనిపించదు, కారెక్కితే సగం రోజు మలుపుల్లోనే గడిచిపోతుంది. ఎనిమిది రోజుల్లో ఆరు చోట్లు అంటే పొద్దున్నే మంచి వెలుతురు ఉన్న సమయంలో మీరు సామాను సర్దుకుంటూ ఉంటారు.

పైగా ఆ పక్షులు ఎత్తును బట్టి అంతరువులుగా ఉంటాయి. కింది అడవిలో తైవాన్ బార్బెట్, బ్లూ మాగ్‌పై. కొంచెం పైన స్విన్‌హో ఫెజెంట్, యుహినా, లియోసిక్లా అనే చిన్న పిట్టలు. ఇంకా పైన, దేవదారు జాతి చెట్లు మొదలయ్యే చోట మికాడో, ఫ్లేమ్‌క్రెస్ట్. దాష్యూషాన్ అటవీ మార్గం ఒక్కటే యాభై కిలోమీటర్ల వరకు ఎక్కుతూ 2,600 మీటర్ల దాకా తీసుకెళ్తుంది. ఒకే దారిలో పైకీ కిందికీ తిరిగితే ఆ అంతరువులన్నీ తగులుతాయి. అలాంటప్పుడు అలీషాన్‌లో దొరికే పక్షుల కోసం మళ్లీ అలీషాన్ దాకా పరుగెత్తడం ఎందుకు?

ఆ దారిలో చోట్లను కిలోమీటరు రాళ్లతోనే చెప్పుకుంటారు. స్విన్‌హో ఫెజెంట్‌కు 23వ కిలోమీటరు, మికాడోకు 47వ కిలోమీటరు. నేను వెళ్లింది ఏప్రిల్ నెలాఖరులో. 23వ కిలోమీటరు దగ్గరికి తెల్లవారకముందే చేరాం. గైడ్ ఇంజను ఆపించి, తలుపులు చప్పుడు కాకుండా వేయించి, రోడ్డు అవతలి అంచుకు ఎవరూ వెళ్లవద్దన్నాడు. మొదట ఆడపక్షి వచ్చింది, ఎండుటాకుల్లో కలిసిపోయే గోధుమ రంగు. మగది ఇంకా పొదలోనే ఉంది, నెత్తి మీద తెల్లటి కుచ్చు కనిపిస్తోంది, పోతోంది. నేను ఆడపక్షి వైపు కెమెరా తిప్పబోతే అతను నా మోచెయ్యి తాకి, రోడ్డు పక్క గోడలో వాననీరు పోవడానికి వదిలిన సందును చూపించాడు. నీటిపారుదల శాఖలో పనిచేసినవాణ్ణి, అలాంటి సందులు వందల్లో చూసి ఉంటాను, కానీ పక్షి అందులోంచి నడిచి వస్తుందన్న ఆలోచన నాకెప్పుడూ రాలేదు. మగది సరిగ్గా అక్కడి నుంచే రోడ్డెక్కింది. ఒళ్లంతా ముదురు నీలం, భుజాలు తోమని రాగిచెంబు రంగు, వీపు మీద తెల్లటి పట్టీ, తోక నడుమ పొడవాటి తెల్లటి ఈకలు. ఒక కాలు ఎత్తి, కిందికి పెట్టకుండా మా వైపు కాసేపు చూసింది. తర్వాత తీరిగ్గా దాటి వెళ్లిపోయింది. గైడ్‌కు మనం డబ్బిచ్చేది ఆ సందు ఎక్కడుందో తెలిసినందుకే.

ఇక్కడే కెమెరా సంగతి కూడా చెప్పాలి. నల్లటి ఒంటిని చూసి కెమెరా వెలుతురు పెంచేస్తుంది, దాంతో కుచ్చు, తోక తెల్లగా కాలిపోతాయి. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ దాకా, అంటే వెలుతురు సగం అయ్యేదాకా, తగ్గించండి. నీలాన్ని తర్వాత కంప్యూటర్‌లో పైకి తేవచ్చు, కాలిపోయిన తెలుపును ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి ఇవ్వలేదు. రా (RAW) ఫైళ్లలోనే, అంటే కెమెరా కుదించకుండా దాచే ఫైళ్లలోనే తీయండి. ముఖం మీద ఎర్రటి చర్మం కూడా త్వరగా ముద్దగా అయిపోతుంది, వెలుతురు పంపకాన్ని చూపే హిస్టోగ్రామ్ గ్రాఫులో ఎరుపును విడిగా చూసుకోండి.

మికాడో వ్యవహారం వేరు. అది పొగమంచు పక్షి. పొద్దున, సాయంత్రం, లేదా చినుకులు పడి ఆగిన వెంటనే అడవి అంచుకు వస్తుంది. మధ్యాహ్నం పొగమంచు కమ్ముకోగానే మాతో ఉన్న ఇద్దరు బస వైపు వెళ్లిపోదామన్నారు. గైడ్ ఒప్పుకోలేదు, ఇప్పుడే మన పని మొదలవుతుంది అన్నాడు. నిజంగానే సాయంత్రానికి మగపక్షి వచ్చి, దారి అంచున గడ్డి గిల్లుకుంటూ మా ముందే నడిచింది. ఎండలో అది ఉత్త నల్లటి కోడిలా కనిపిస్తుంది. ఆ మెత్తటి వెలుతురులో మాత్రం మెడ మీది ప్రతి ఈక అంచునా ఊదా కలిసిన నీలం తేలింది. తోక మీది సన్నటి తెల్లటి గీతలు లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉన్నాయి. పొగమంచులో ఆటోఫోకస్ తడబడుతుంది కాబట్టి ఒక్క పాయింట్ మాత్రమే ఉంచి, కంటి పక్క ఎరుపు మీద పెట్టండి. దారి మీద అడ్డంగా నిలబడకండి. దాని దారిన దాన్ని పోనిస్తే మళ్లీ వస్తుంది.

ఈ పక్షి సంగతి బయటి ప్రపంచానికి తెలిసిన తీరు కూడా మీకు ఆసక్తిగా ఉంటుంది. 1906లో వాల్టర్ గుడ్‌ఫెలో అనే పక్షుల సేకరణకర్త అక్కడి ఆదివాసి ఒకరి తలపాగాలో ఉన్న రెండు పొడవాటి తోక ఈకలను చూశాడు. ఆ ఈకల ఆధారంగానే అదే ఏడు ఓగిల్వీ-గ్రాంట్ అనే పక్షి శాస్త్రవేత్త దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. ఇవాళ తైవాన్ వెయ్యి డాలర్ల నోటు వెనక యూషాన్ శిఖరంతో పాటు ఈ ఫెజెంట్ జంట ఉంటుంది. స్విన్‌హో ఫెజెంట్‌కు ఆ పేరు రాబర్ట్ స్విన్‌హో మీదుగా వచ్చింది. ఆయన 1836లో మన కలకత్తాలోనే పుట్టి, తర్వాత తైవాన్‌లో బ్రిటిష్ కాన్సుల్‌గా పనిచేస్తూ అక్కడి పక్షులను నమోదు చేశాడు.

లెన్స్ విషయానికి వస్తే, మీ 100-500 చాలు. ఫెజెంట్లు ఒక్కోసారి ఎంత దగ్గరికి వస్తాయంటే, 600 ఉన్నవాళ్లకు తోక ఫ్రేములో పట్టదు. ఫ్లేమ్‌క్రెస్ట్ కోసం మాత్రం పొడవు కావాలనిపిస్తుంది. తొమ్మిది సెంటీమీటర్ల పిట్ట, క్షణం నిలవదు. దానికీ లెన్స్ కంటే ఓపికే ఎక్కువ అవసరం. చాలా విమానాల్లో చేతి సామాను 7 కిలోలే కాబట్టి అద్దె లెన్స్ ఆలోచన మానుకోండి.

హహ్వాన్‌షాన్‌లో వూలింగ్ కనుమ 3,275 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడిదాకా తారు రోడ్డే. ఏప్రిల్ ఉదయాల్లో కూడా గాలి ఎముకలు కొరుకుతుంది. చేతి తొడుగులు, చెవులు కప్పే టోపీ తప్పనిసరి. ముందు దాష్యూషాన్‌లో ఉండి, ఆ తర్వాత అక్కడికి ఎక్కితే ఒంటికి ఎత్తు అలవాటవుతుంది. తెల్ల మీసాల లాఫింగ్‌థ్రష్ పిట్టలు కాళ్ల దగ్గరికే వస్తాయి. వెదురు గడ్డి మీద కూర్చునే ఎర్రటి రోజ్‌ఫించ్ మగపక్షిని మాత్రం వదలకండి.

ఇక పురుగుల సంగతి. మీ అనుమానం సరైనదే, అలాంటివాళ్లు ఉన్నారు. ఒక ఉదయం వేరే వ్యానులో వచ్చిన గైడ్ రోడ్డు మధ్యలో గింజలు చల్లాడు. వాళ్ల బృందం గట్టు మీద వరసగా కూర్చుంది. ఆడ ఫెజెంట్ రెండు పిల్లలతో వచ్చి గింజలు ఏరుకుంటోంది. అంతలో మలుపు తిరిగి సరుకుల బండి వచ్చింది. డ్రైవరు బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది. అతను దిగి కేకలు వేస్తే గైడ్ నవ్వి ఊరుకున్నాడు. కోపంతో నా చేతులు వణికాయి. ఆ పక్షికి రోడ్డంటే తిండి అని మనమే నేర్పుతున్నాం. రోజూ ప్రతి బండీ ఆగుతుందా?

గైడ్‌ను ఎంచుకునేటప్పుడు ఎన్ని జాతులు చూపిస్తారని అడగకండి. మేత వేస్తారా, ఫోన్‌లో రికార్డు చేసిన కూతలు వినిపిస్తారా, గూడు కనిపిస్తే ఏం చేస్తారు అని అడగండి. బండిలో ఎంతమంది అని కూడా అడగండి, నలుగురు దాటితే కిటికీలోంచి తీయడం కుదరదు. పక్షి రాకపోతే ఎంతసేపు ఆగుతారన్న ప్రశ్నకు వాళ్లిచ్చే జవాబులోనే మనిషి తెలిసిపోతాడు.

జవాబు: సిన్‌చు తెలుగు

ఇక్కడ తైవాన్‌లోని సిన్‌చు నగరంలో పరిశోధన విద్యార్థిని. వారాంతాల్లో కెమెరా పట్టుకుని బయల్దేరతాను. మంజీర తీరం గారి సలహాలో చాలా భాగం నాకు సమ్మతమే. కొన్ని ఆచరణకు పనికొచ్చే విషయాలు చేరుస్తాను.

ఆ పథకం రాసినవారు రుతువులు చూసుకున్నట్టు లేదు. నల్లమొహం తెడ్డుమూతి కొంగలు తైనాన్ దగ్గరి చీగూ ఉప్పునేలలకు చలికాలం కోసం వస్తాయి. ప్రపంచంలో ఉన్న వాటిలో సగానికి పైగా తైవాన్‌లోనే చలికాలం గడుపుతాయి. ఏప్రిల్ గడిచేకొద్దీ చాలా మటుకు కొరియా వైపు ఎగిరిపోతాయి. నేలపట్టు, పులికాట్‌లలో మనం చూసే తెడ్డుమూతి కొంగ వేరే జాతి. దీన్ని చూడాలంటే డిసెంబరు, జనవరిలో ఇంకోసారి రండి. 1990ల మొదట్లో లెక్కకు కొన్ని వందలే దొరికిన పక్షి, ఇప్పుడు ఆరు వేలు దాటింది. దాని కోసమే విడిగా ఒక ప్రయాణం చేయవచ్చు.

తారోకో పేరు చూసి ఆశ్చర్యపోయాను. 2024 ఏప్రిల్ 3న తూర్పు తీరంలోని హువాలియెన్ దగ్గర వచ్చిన భూకంపంలో ఆ లోయ బాగా దెబ్బతిన్నది. దారులు, కాలిబాటలు చాలాకాలం మూతపడ్డాయి. ఇప్పుడు ఏ భాగం తెరిచి ఉందో, కొండదారిలో బండ్లను ఏ గంటల్లో వదులుతున్నారో సంస్థను రాతపూర్వకంగా అడగండి. కచ్చితమైన జవాబు రాకపోతే పాత పథకాన్నే మీకు పంపారని అర్థం.

ఏప్రిల్ మొదటి వారంలో రాకండి. నాలుగు, ఐదు తేదీల్లో ఇక్కడివారు పెద్దల సమాధులను శుభ్రం చేసే చింగ్‌మింగ్ పండుగ ఉంటుంది, కొండదారులన్నీ కార్లతో నిండిపోతాయి. ఆ తర్వాత రెండు మూడు వారాలు బాగుంటాయి. మే నుంచి జూన్ మధ్య దాకా ముసురు వానలు, జులై నుంచి తుఫానులు. దాష్యూషాన్‌కు సోమవారం నుంచి గురువారం మధ్య వెళ్లేలా చూసుకోండి. శని, ఆదివారాల్లో 23వ కిలోమీటరు దగ్గర ట్రైపాడ్‌ల మధ్య కాలు పెట్టే చోటుండదు.

ఒక్క విషయంలో మాత్రం మంజీర తీరం గారితో విభేదిస్తాను. తూర్పు తీరం వదిలేస్తే స్టయన్స్ బుల్బుల్ పోతుంది. అది మన పికిలిపిట్టకు చుట్టం, తూర్పునా దక్షిణ కొసనా మాత్రమే ఉంటుంది. పడమటి వైపు ఉండే చైనా బుల్బుల్‌తో జతకట్టి సంకరమైపోతోంది. పుణ్యం కోసం పంజరాల్లోంచి పక్షులను వదిలే ఆచారం కూడా ఆ కలయికకు ఒక కారణం. ఎత్తైన కొండల్లో ఫెజెంట్లు రేపూ ఉంటాయి. ఈ పికిలి స్వచ్ఛమైన రూపంలో ఎన్నాళ్లు ఉంటుందో చెప్పలేం. నాకైతే అది ముఖ్యమైన పక్షి.

తైపేలో ఉండే రోజును చిన్నచూపు చూడకండి. బొటానికల్ గార్డెన్‌లో మలయన్ నైట్ హెరాన్ అనే కొంగ ఉంటుంది. మన పడమటి కనుమల్లో దాని నీడ దొరకడమే గగనం. ఇక్కడ పచ్చిక మీద జనం మధ్యే నిలబడి, మెడ అటూ ఇటూ ఊపి, ముక్కు మట్టిలో గుచ్చి వానపామును రబ్బరులా సాగదీసి లాగుతుంది. నేల మీద బోర్లా పడుకుని తీయండి, దాని కంటి చుట్టూ నీలి చర్మం స్పష్టంగా వస్తుంది.

శాకాహారులైతే భయం లేదు, బౌద్ధుల శాకాహార భోజనశాలలు పట్టణాల్లో చాలా ఉన్నాయి. కొండమీద మాత్రం గైడ్‌కు ముందే చెప్పి వండించుకోవాలి. వీసాకు చెన్నైలోని తైపే ఆర్థిక, సాంస్కృతిక కేంద్రంలో దరఖాస్తు చేయవచ్చు.

జవాబు: కోనసీమ కెమెరా

మేత గురించి ఇంత కఠినంగా మాట్లాడటం సబబు కాదేమో. నాకు మోకాళ్ల నొప్పులు. అడవిలో నడవలేను. గైడ్ ఒక దుంగ మీద నాలుగు పురుగులు పెట్టాడు, మడత కుర్చీలో కూర్చుని తైవాన్ పార్ట్‌రిడ్జ్ ఫొటో తీసుకున్నాను. పొదల్లో కూత వినిపించడమే తప్ప కంటికి కనిపించని పక్షి అది. నాలాంటి వాళ్లకు ఇంకో దారేమిటి? ఇళ్లలో పిచ్చుకలకు గింజలు వేయమా? పక్షికీ కడుపు నిండింది, నాకూ ఫొటో దొరికింది.

జవాబు: మంజీర తీరం

కోనసీమ గారూ, మీ మోకాళ్ల బాధ నాకు అర్థమవుతుంది, నావీ అంతంత మాత్రమే. కానీ పిచ్చుక మనుషుల మధ్య బతికే పిట్ట. పార్ట్‌రిడ్జ్ బతుకంతా దాక్కోవడంలో ఉంది. రోజూ ఒకే దుంగ దగ్గరికి, ఒకే వేళకు వచ్చేలా అలవాటు చేస్తే పిల్లులకూ వీధికుక్కలకూ కూడా ఆ వేళ తెలిసిపోతుంది. గూళ్ల కాలంలో ఆ పురుగుల కోసం పక్షులు ఒకదానితో ఒకటి కొట్లాడుకోవడం నేను చూశాను.

నడవలేనివారికి ఆ దీవి నిజానికి చాలా అనుకూలం. నేను చెప్పిన రెండు ఫెజెంట్లూ రోడ్డు అంచున, కారులో కూర్చుని తీయగలిగినవే. కారే మంచి మరుగు. కిటికీ మీద బియ్యపు సంచి పెట్టుకుంటే ట్రైపాడ్ కూడా అక్కర్లేదు. ఆగడానికి ఒప్పుకునే గైడ్ ఉంటే చాలు. పార్ట్‌రిడ్జ్ కనిపించకపోతే కూత విని సంతోషించగలను. అది నా పద్ధతి, మీరు ఒప్పుకోవాలని లేదు. మేత వేసి తీసిన ఫొటో అయితే దాని కింద ఆ మాట రాయండి అని మాత్రం అడుగుతాను. చూసేవారు అదే చోటికి వెళ్లి అడవి తీరు అంతే అనుకోకూడదు.

సిన్‌చు గారూ, పికిలి సంగతిలో మీదే సరైన మాట. తూర్పు తీరం ఉంచి, అలీషాన్ తీసేయమంటాను.

కంబాలకొండ

ఇంత వివరంగా రాసిన ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న సంస్థకు మీరు చెప్పిన ప్రశ్నలు పంపాను. తారోకో గురించి "అప్పటికి చూద్దాం" అన్నారు. మేత గురించి "అతిథులు కోరితేనే" అన్నారు. పథకం మార్చడం కుదరదన్నారు, అందుకని వాళ్లను వదిలేశాను.

తైచుంగ్ నగరంలో ఉండే వేరే గైడ్‌తో ఇవాళ ఫోన్‌లో మాట్లాడాను. పక్షి రాకపోతే ఎంతసేపు ఆగుతారని అడిగితే, "మీకు ఆకలి వేసేదాకా" అన్నారు. మేత వేయరు, కూతలు వినిపించరు, బండిలో ముగ్గురికి మించి ఎక్కించుకోరు. ఏప్రిల్ మూడో వారంలో, సోమవారం కొండ ఎక్కేలా రాసి పంపమన్నాను. దాష్యూషాన్‌లో మూడు రాత్రులు, హహ్వాన్‌షాన్ దగ్గర రెండు, తర్వాత రైల్లో తూర్పు తీరానికి వెళ్లి పికిలి కోసం ఒక రోజు, చివరి ఉదయం తైపే బొటానికల్ గార్డెన్. ఖర్చు మొదటిదానికంటే కాస్త ఎక్కువే, అయినా ఒప్పుకున్నాను.

బండిలో ఇంకొక చోటు ఖాళీగా ఉంది. కోనసీమ కెమెరా గారూ, కారులోంచే తీయవచ్చంటున్నారు కదా, మీకు వీలైతే సందేశం పంపండి.